గడియారం పక్క గూడు

మా అమ్మమ్మగారి ఇల్లు చీడికాడలో ఉండేది. వీధి గుమ్మం దాటి లోపల అడుగుపెట్టగానే కుడిచేతి గోడలో ఒక గూడు. జానెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు, పైన చిన్న వంపు. దీపం పొగకి లోపలి సున్నమంతా నల్లబడి, వేలితో రాస్తే మసి అంటుకునేది. అందులో కిరసనాయిలు బుడ్డి, అగ్గిపెట్టె, అంతే. సెలవులకి వెళ్లిన పిల్లలం అక్కడ దువ్వెనలు పెట్టేవాళ్లం, గోళీకాయలు దాచేవాళ్లం. తాతయ్య అప్పుడప్పుడూ ముక్కుపొడుం డబ్బా పెట్టేవాడు. అమ్మమ్మ ఎవర్నీ ఏమీ అనేది కాదు. కనబడినవి కనబడినట్టు తీసి అరుగు మీద పెట్టేసేది. "సీకట్లో సెయ్యెడితే అగ్గిపెట్టే తగలాల. ఇంకోటి తగలకూడదు" అనేది.

గూట్లో దీపం, నోట్లో ముద్ద అని మనవాళ్లు అంటారు. పొద్దుగూకగానే అన్నాలు తినేసే ఇళ్లని చూసి పుట్టిన మాట. నాకు ఆ మాట వింటే ముద్దకన్నా ముందు గూడే కళ్లముందు కదులుతుంది. ఇంట్లో అన్నిటికన్నా చిన్న చోటు అది. అక్కడ ఏముండాలో ఒకరు పట్టుబట్టి తేల్చబట్టే కరెంటు పోయిన రాత్రుల్లో ఆ ఇంట్లో ఎవరూ తడుముకోలేదు.

నేను చిన్న దుకాణాలకి సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. చీడికాడ, మాడుగుల, చోడవరం చుట్టుపక్కల ఎరువుల కొట్లు, మందుల షాపులు, జిరాక్సు సెంటర్లు నాకు తిండి పెడుతున్నాయి. లెక్కలు, పన్నులు, ప్రింటరు తిప్పలు ఎన్ని ఉన్నా, నన్ను ఎక్కువసార్లు ఆలోచనలో పడేసిన ప్రశ్న చూడ్డానికి చాలా చిన్నది. కంప్యూటర్ తెర అడుగున కుడి మూల, గడియారం పక్కన కాస్త చోటుంటుంది. సిస్టమ్ ట్రే అంటారు. మా వైపు దానికి పేరు లేదు. "కింద టైమ్ పక్కన" అంటారు, "ఆ బాణం గుర్తు నొక్కితే వస్తాయి చూడు, అవి" అంటారు. అక్కడ నా ప్రోగ్రాము బొమ్మ పెట్టాలా, వద్దా? ఇదే ఆ ప్రశ్న.

మొదట్లో ఆలోచించకుండానే పెట్టేశాను. ఎరువుల కొట్టుకి రాసిన బిల్లింగ్ ప్రోగ్రాము అది. పైన కుడి మూల ఇంటూ గుర్తు నొక్కితే కిటికీ మాయమై, ప్రోగ్రాము మాత్రం వెళ్లి గడియారం పక్కన కూర్చునేది. మళ్లీ తెరవడం తొందరగా అవుతుందని నా లెక్క. కొట్టు యజమానిని నేను మామా అంటాను, వరసకి కాదు, అలవాటుకి. ఆయనకి ఇంటూ అంటే మూసేయడం. మూసేశాక మళ్లీ కావాలంటే తెర మీద ఉన్న పెద్ద బొమ్మని రెండుసార్లు నొక్కుతాడు. అలా నొక్కినప్పుడల్లా నా ప్రోగ్రాము ఇంకోసారి పుట్టేది. ఒక ప్రతి ఉండగా రెండోది పుట్టకూడదని నేను రాయలేదు. ప్రతి ప్రతీ చివరి బిల్లు నంబరు ఒకసారి చదివేసుకుని, అక్కణ్ణుంచి తన లెక్క తను వేసుకునేది.

ఖరీఫ్ నాట్ల సీజన్లో ఫోన్ వచ్చింది. "బావూ, ఒకే నంబరుతోటి రెండు బిల్లులు ఒచ్చీసినాయి. యూరియా ఒకడికి రాసేను, ఇంకోడికి పడిపోనాది." వెళ్లి బాణం గుర్తు నొక్కి చూస్తే గూట్లో నా ఆకుపచ్చ బొమ్మలు ఐదు, పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. "మూసీసేను కదా" అన్నాడాయన. నిజమే, మూసేశాడు. మూయనిది నేను. ఆ రాత్రి కొట్లోనే కూర్చుని, యూరియా బస్తాల వాసనలో, కార్బన్ కాపీలు ముందేసుకుని ఒక్కో బిల్లూ సరిచేశాను. తెల్లవారుజామున షట్టరు దించేటప్పుడు ఒక మాట అనుకున్నాను. ఇంటూ గుర్తుకి జనం ఇచ్చుకున్న అర్థాన్ని మార్చే హక్కు నాకు లేదు.

తర్వాత 2022 ఏప్రిల్ 4న మా ప్రాంతం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. బిల్లుల మీద జిల్లా పేరు మార్చాలి కదా, ఆ వంకన నా సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి కొట్టుకీ ఒకసారి తిరిగాను. అన్ని కంప్యూటర్లని ఒకే వారంలో చూడడం నాకు అదే మొదలు. జిల్లా పేరు మార్చడం రెండు నిమిషాల పని. మిగతా టైమంతా గూళ్లు చూస్తూ గడిపాను. ఒక జిరాక్సు సెంటర్లో పంతొమ్మిది బొమ్మలు లెక్కపెట్టాను. వాటిలో ప్రింటరుకి రెండు, ఎప్పుడో అమ్మేసిన స్కానరుకి ఒకటి, పాటలు వినే ప్రోగ్రాముకి ఒకటి, కరోనా రోజుల్లో పిల్లల క్లాసుల కోసం వేసుకున్న వీడియో కాల్ ప్రోగ్రాముకి ఒకటి, "కొత్త వెర్షన్ ఉందా" అని అడగడం తప్ప మరో పని లేనివి మూడు. ఆ కంప్యూటరుకి ఉన్న మెమరీ రెండు జీబీ. బొమ్మ బరువేం కాదు. బొమ్మ వెనక మెలకువగా కూర్చున్న ప్రోగ్రాము బరువు. పొద్దున్న స్విచ్ వేస్తే అది పనికి సిద్ధమయ్యేసరికి ఎదురుగా పాకలో టీ తాగి రావచ్చు. ఆ కుర్రాడు రోజూ అదే చేసేవాడు. కంప్యూటర్ అంటే అంతేనేమో అనుకున్నాడు.

ఈ చోటు ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చినప్పుడు తెర అడుగున టాస్క్‌బార్, దాని కొసన గడియారం, దాని పక్కన ఈ చోటు వచ్చాయి. దానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన అసలు పేరు నోటిఫికేషన్ ఏరియా. ట్రే అన్నది లోపలి మాట. విండోస్ 95ని తయారుచేస్తున్న తొలిరోజుల్లో తెర అడుగున ఉండే పట్టీ టాస్క్‌బార్ కాదట, టేబుల్ సొరుగులో పెన్నులూ క్లిప్పులూ పెట్టుకునే అరల పళ్లెంలాంటిదట. వస్తువులని లాక్కొచ్చి అందులో పడేసుకునేలా చేశారట. ఈ కథ మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసిన రేమండ్ చెన్ రాశాడు. పళ్లెం పోయింది, పేరు మిగిలింది. నాకైతే ఆ పేరే చోటుని పాడుచేసిందనిపిస్తుంది. పళ్లెం అంటే ఎవరైనా ఏదైనా పడేసే చోటు. గూడు అలా కాదు.

ఆ చోట ఒక్కో బొమ్మకి దొరికేది మామూలు తెర మీద 16 చుక్కలు, 16 వరుసలు. ముగ్గులు వేసే ఆడవాళ్లకి ఈ కొలత చెప్పక్కర్లేదు. మొత్తం 256 చుక్కలు. సంక్రాంతి ముగ్గయితే వాకిలంతా వస్తుంది. ఇదయితే కందిగింజంత. ఆ గింజలో పేరు రాయలేం, కంపెనీ ముద్ర స్పష్టంగా కనబడదు. ఒక్క విషయం మాత్రం చెప్పగలం: బాగుందా, లేదా. ఉందా, లేదా. తెలుగా, ఇంగ్లీషా.

తెలుగా ఇంగ్లీషా అన్నానా, ఈ గూటికి అసలైన హక్కుదారు ఎవరో నాకు మొదట అక్కడే తెలిసింది. మన డీటీపీ సెంటర్లలో పెరిగినవాళ్లకి అనూ స్క్రిప్ట్ మేనేజర్ తెలియకుండా ఉండదు. పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, గుడి జాతర ఫ్లెక్సీలు పేజ్‌మేకర్‌లో, ఫొటోషాప్‌లో దాని అండతోనే తయారయ్యాయి. అలాంటి టైపింగ్ ప్రోగ్రాముకి తన సొంత కిటికీతో పని లేదు. మనం ఎవరి కిటికీలో టైపు చేస్తున్నా, మన వేళ్లకీ ఆ కిటికీకీ మధ్య నిలబడి అక్షరాలు మారుస్తుంది. అది మెలకువగా ఉందో నిద్రపోతోందో తెలియకపోతే చెయ్యి తప్పు పని చేస్తుంది.

అదే జిరాక్సు సెంటర్లో నేనుండగానే అది జరిగింది. ఒకమ్మాయి కాలేజీ దరఖాస్తుకి వచ్చింది. ఆ రోజే గడువు ఆఖరు. దానికి ముందు ఎవరో రైతుకి తహసీల్దారు పేర అర్జీ టైపు చేసి ఉన్నాడు కుర్రాడు. టైపింగ్ ప్రోగ్రాము ఇంకా తెలుగులోనే ఉంది. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ చెబుతోంది, ఇతను కొడుతున్నాడు. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనబడతాయి కదా, పడుతున్నవి ఏ అక్షరాలో ఎవరికి తెలుస్తుంది? తప్పు అని వచ్చింది. మళ్లీ కొట్టాడు. తప్పు. "నువ్వు సరిగ్గా గుర్తు తెచ్చుకోమ్మా" అన్నాడు. ఆ పిల్ల చున్నీ కొస చేతికి చుట్టుకుంటూ, కళ్లు మూసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెప్పింది. మూడోసారి ఖాతాకి తాళం పడిపోయింది. తప్పు ఆ పిల్లది కాదని చెప్పగలిగిన బొమ్మ ఆ తెర మీద ఒక్కటే ఉంది. అది బాణం గుర్తు వెనక, పంతొమ్మిదింటి మధ్య, ఎవరికీ కనబడకుండా ఉంది.

ఖాతా తాళం తీయించడానికి ఆ సాయంత్రమంతా ఫోన్లు చేశాం. చివరికి దరఖాస్తు పడింది. నేను మాత్రం ఆ రోజు నుంచి అనవసరపు బొమ్మని అనవసరపు బొమ్మగా చూడలేకపోతున్నాను. పాటల ప్రోగ్రాము వాడి బొమ్మ, వెర్షన్ అడిగేవాడి బొమ్మ కలిసి ఆ పిల్లకి చేసిన అన్యాయం అది. అగ్గిపెట్టె ఉండాల్సిన చోట దువ్వెనలు పెట్టారు.

గూట్లో హక్కున్న ఇంకోటి వేలిముద్ర యంత్రం. పీఎం కిసాన్ డబ్బులకి ఈ-కేవైసీ చేయించుకోవాలని కోనాం వైపు నుంచి కూడా పెద్దవాళ్లు వస్తారు. యంత్రం వైరు కంప్యూటరుకి పెడితే సరిపోదు. లోపల ఆర్డీ సర్వీసు అనే ప్రోగ్రాము నడుస్తూ ఉండాలి, యంత్రం నిజమైనదేనని ధ్రువీకరించేదీ, వేలిముద్రని భద్రంగా పంపేదీ అదే. చెరకు నరికి నరికి బొటనవేలి గీతలు అరిగిపోయిన తాతని ఒకాయన్ని చూశాను. వేలు పెడతాడు, రాదు. తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ పెడతాడు, రాదు. "నా యేలే అరిగిపోనాది బాబూ" అని చెయ్యి వెనక్కి తీసుకుని దాచుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. వైరు వదులైంది, అంతే. యంత్రం సిద్ధంగా ఉందో లేదో చెప్పే బొమ్మ గూట్లో కళ్లకి కనబడేలా ఉండి ఉంటే ఆయన తన వేలిని అనుమానించాల్సి వచ్చేది కాదు.

ఈ రెండూ చూశాక నాకొక కొలత దొరికింది. ప్రోగ్రామర్ల భాషలో చెబుతాను, కష్టమేం కాదు. విండోస్‌లో ఈ బొమ్మ పెట్టడానికి షెల్ నోటిఫై ఐకాన్ అనే పిలుపు ఒకటుంది. దానికి ముఖ్యంగా మూడు పనులు చెప్పొచ్చు: చేర్చు, మార్చు, తీసెయ్. నా పాత బిల్లింగ్ ప్రోగ్రాము కోడ్ తెరిచి చూసుకున్నాను. చేర్చు ఉంది. తీసెయ్ ఉంది. మార్చు ఎక్కడా లేదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ ఆకుపచ్చ బొమ్మ ఒకేలా ఉండేది, ఎందుకంటే చెప్పడానికి దాని దగ్గర ఏ కబురూ లేదు. బొమ్మని ఏ సందర్భంలో మార్చాలో రాయలేకపోతే, ఆ ప్రోగ్రాము అక్కడికి ఎక్కకూడదు. దాని చోటు స్టార్ట్ మెనూ, లేదా టాస్క్‌బార్. మారినా సరే, ఆ మార్పు చూసి మనిషి చెయ్యి వేరే పని చెయ్యాలి. టైపు చెయ్యబోయేవాడు ఆగాలి, వైరు సరిచూడాలి, యూపీఎస్ మీద నడుస్తోందని తెలిసి బిల్లు దాచుకోవాలి. మా వైపు వానాకాలంలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసినవాళ్లకి ఈ ఆఖరిది వివరించక్కర్లేదు.

దండోరాకీ గూటికీ తేడా కూడా ఇక్కడే ఉంది. ఊళ్లో దండోరా వేసేవాడు డప్పు కొట్టి, కబురు చెప్పి, పక్క వీధికి వెళ్లిపోతాడు. మన గుమ్మంలో కాపరం పెట్టడు. ప్రింటు అయిపోయింది, ఫైలు దిగింది, కొత్త వెర్షన్ వచ్చింది అన్నవి దండోరా కబుర్లు. వాటికి తెర మూల ఒకసారి కనబడి వెళ్లిపోయే చీటీ చాలు. దాని కోసం రోజంతా బొమ్మ కూర్చోనక్కర్లేదు. తోటి ప్రోగ్రామర్లతో నేను ఎక్కువగా గొడవపడేది ఈ విషయం మీదే. "కస్టమర్ కంటికి మన పేరు కనబడుతూ ఉండాలి" అంటారు వాళ్లు. కొట్టు బోర్డు మీద పేరు రాసుకోవచ్చు. ఇంకొకరి ఇంటి గూట్లో రాయకూడదు.

విండోస్ వాళ్లకీ ఈ రద్దీ తెలియక కాదు. 2001లో ఎక్స్‌పీ, కొంతకాలం కదలని బొమ్మల్ని దాచడం మొదలుపెట్టింది. 2009లో విండోస్ 7, కొత్తగా వచ్చే బొమ్మలన్నిటినీ మామూలుగా బాణం గుర్తు వెనక్కే పంపింది. బయటికి తెచ్చే అధికారం ప్రోగ్రాముకి ఇవ్వలేదు, మనిషికే ఇచ్చింది. లినక్స్ వైపు గ్నోమ్ వాళ్లు ఇంకా గట్టిగా వెళ్లారు. 2017 సెప్టెంబరులో వచ్చిన 3.26లో పాత ట్రేనే తీసేశారు. మరుసటి నెల గ్నోమ్‌కి తిరిగొచ్చిన ఉబుంటు, ఆ బొమ్మలు కనబడేలా ఒక ఎక్స్‌టెన్షన్ని తనే పెట్టి మరీ ఇచ్చింది. అలవాటైన చోటుని జనం అంత తేలిగ్గా వదులుకోరు. విండోస్ చేసినదాంట్లో సగమే నాకు నచ్చింది. మనిషికి అధికారం ఇవ్వడం సరైనదే. కానీ జిరాక్సు సెంటర్ కుర్రాడికి ఆ అధికారం తనకుందని ఎవరు చెప్పారు? బాణం వెనక దీపమూ ఉంది, దువ్వెనా ఉంది. ఆ బొమ్మని పట్టుకుని బయటికి లాగి పెట్టొచ్చని నేను చూపించిన రోజు అతను నా వంక చూసిన చూపు మర్చిపోలేను. "ఇన్నాళ్లూ ఇది కదుల్తాదని తెలీదన్నా" అన్నాడు. తర్వాత ఇద్దరం కూర్చుని పద్నాలుగు ప్రోగ్రాములు స్టార్టప్‌లో లేకుండా చేశాం.

ఆ పని చేస్తుంటే చాలా ఏళ్లుగా చూస్తూ పట్టించుకోనిది ఒకటి మళ్లీ కనబడింది. ప్రోగ్రాము బలవంతంగా ఆగిపోతే, "తీసెయ్" అని చెప్పేవాడు ఉండడు కాబట్టి బొమ్మ అక్కడే ఉండిపోతుంది. చూసేవాళ్లకి అది బతికే ఉన్నట్టుంటుంది. మౌసు బాణం దాని మీదికి వెళ్లగానే, వెనక ఎవరూ లేరని విండోస్‌కి తెలిసి, బొమ్మ టక్కున మాయమవుతుంది. వరసగా మౌసుని ఆ బొమ్మల మీద నడిపిస్తే ఒకటి, రెండు, మూడు రాలిపోయాయి. వలస వెళ్లిపోయిన ఇంటికి తలుపు కొట్టి చూస్తే గానీ లోపల ఎవరూ లేరని తెలియదు చూడండి, అలా ఉంది. బ్యాకప్ నడుస్తోందని ఆ బొమ్మని నమ్ముకుని కొట్టు కట్టేసి వెళ్లిపోయేవాళ్లుంటారు కదా అనిపించి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే అప్పటికే మామ కొట్టుకి బ్యాకప్ ప్రోగ్రాము రాస్తున్నాను. దాన్ని బిల్లింగ్ నుంచి విడదీశాను. బిల్లింగ్ ఇప్పుడు ఇంటూ నొక్కితే నిజంగా మూసుకుంటుంది, గూడు జోలికి వెళ్లదు, రెండోసారి తెరిస్తే ఉన్న కిటికీనే ముందుకు తెస్తుంది. బ్యాకప్‌ది వేరే కథ. దానికి కిటికీ అక్కర్లేదు, గంటకోసారి బిల్లులని పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీస్తుంది, పెన్‌డ్రైవ్ ఎవరైనా పీకేస్తే ఆ పని ఆగిపోతుంది. ఆగిందని తెలిస్తే మామ చెయ్యాల్సిన పని ఒకటుంది. అందుకని దానికి గూట్లో చోటిచ్చాను. మొదట ఆకుపచ్చ, ఎరుపు రంగులు పెట్టాను. మామకి ఆ రెండు రంగులూ ఒకేలా కనబడతాయని ఆయన నోటితో చెప్పేదాకా నాకు తెలియదు. అప్పుడు రూపమే మార్చాను. పని జరుగుతుంటే నిండు బిందె, ఆగిపోతే ఒరిగిపోయిన బిందె. 256 చుక్కల్లో బిందె గీయడానికి మూడు రోజులు పట్టింది. ఒరిగిన బిందె మూతి దగ్గర రెండు చుక్కలు నీలంగా కారినట్టు పెట్టాను. దాని మీద కుడి నొక్కు నొక్కితే మూడే మాటలు: ఇప్పుడే నకలు తియ్యి, ఎప్పుడు తీశానో చూపు, ఆపెయ్. ఆపెయ్ అంటే నిజంగా ఆగిపోతుంది. లోపల ప్రోగ్రాము చచ్చిపోతే బొమ్మ నిండు బిందెగా మిగిలిపోకుండా, దాన్ని కనిపెట్టి మళ్లీ లేపే చిన్న సర్వీసు ఒకటి వేరుగా రాశాను. అబద్ధం చెప్పే బిందెకన్నా బిందె లేకపోవడమే నయం.

మామ రాత్రి కొట్టు కట్టేముందు గల్లాపెట్టె తాళం లాగి చూస్తాడు, దేవుడి పటం ముందు దీపం కొండెక్కిందో లేదో చూస్తాడు, తర్వాత వంగి గడియారం పక్కన చూస్తాడు. మొన్న శ్రావణంలో ఫోన్ చేశాడు. "బావూ, బిందె ఒరిగిపోనాది. మా మనవడు పెన్‌డ్రైవు పాటలకి అట్టుకెళ్లిపోయేడు. ఎట్టేసేను లే, మళ్లీ నిలబడ్డాది. ఊరికే సెప్దావని."

ఇప్పుడు నా ముందు ఇంకో పని ఉంది. చెరకు, బెల్లం తూచే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి. కాటా నుంచి వైరు ద్వారా బరువు కంప్యూటరుకి వస్తుంది. ఆ అంకెని చదివి బిల్లుకి అందించే చిన్న ప్రోగ్రాము వెనక నడుస్తూ ఉంటుంది. వైరు కదిలితే తెర మీద పాత బండి బరువే నిలిచిపోతుంది. నా కొలత ప్రకారం చూస్తే ఇది గూటికి అన్ని విధాలా తగినదే: కిటికీ లేదు, స్థితి మారుతుంది, మారితే తూచేవాడు ఆగాలి. యజమాని కూడా అదే అడిగాడు, "కింద టైమ్ పక్కన ఒక గుర్తు పెట్టెయ్యండి, మా కుర్రాడు చూసుకుంటాడు" అని.

బొమ్మ గీసి తీసుకెళ్లాను. అక్కడికెళ్లి చూస్తే కుర్రాడు తెర ముందు కూర్చున్నాడు. బల్లకి ఇవతల, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎడ్లబండి తోలుకొచ్చిన రైతు నిలబడ్డాడు. ఆయన మెడ సాచి చూస్తున్నది తెర మధ్యలో ఉన్న పెద్ద అంకెల వైపు. కుడి మూల కందిగింజంత బొమ్మ ఆయన నిలబడ్డ చోటి నుంచి కనబడదు. నేను ఆయన పక్కన నిలబడి చూశాను, నాకూ కనబడలేదు. తెచ్చిన బొమ్మ సంచిలోనే పెట్టుకుని వచ్చేశాను. వైరు వదులైతే ఆ పెద్ద అంకెలే చెరిగిపోవాలి, వాటి చోట "కాటా తెగింది" అని తెలుగులో, తెర సగం నిండేంత అక్షరాలతో రావాలి. రాత్రి నుంచి అదే రాస్తున్నాను.